ఆర్టికల్ 370 ఎజెండాతో మాక్ పార్లమెంట్, మోడల్ యూఎన్: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీల మాక్ పార్లమెంట్లకీ, మోడల్ యూఎన్‌లకీ చెయిర్‌గా (చర్చ నడిపే అధ్యక్షుడిగా) కూర్చోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. అక్కడ విద్యార్థులు ఎంపీలుగా, దేశాల ప్రతినిధులుగా (డెలిగేట్లుగా) పాత్రలు తీసుకుని చర్చిస్తారు. ఒక్కో చర్చా సభని కమిటీ అంటాం. ఎన్ని కమిటీలు పెట్టినా ముందు నిండేది జమ్మూకశ్మీర్ ఎజెండా ఉన్నదే. వచ్చే సందేహాలూ ఏటా అవే. ఒకే జవాబు వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ కొట్టలేక ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## నిర్వహించేవాళ్ల కోసం

"మా ప్రిన్సిపల్ ఈ టాపిక్ వద్దంటున్నారు. ఎలా ఒప్పించాలి?"

ముందు మీ ఎజెండా వాక్యం చూసుకోండి. "కశ్మీర్ ఎవరిది?" అని పోస్టర్ వేస్తే ఏ ప్రిన్సిపలైనా భయపడతారు, భయపడాలి కూడా. "జమ్మూకశ్మీర్ పునర్వ్యవస్థీకరణ బిల్లు, 2019పై రాజ్యసభలో చర్చ" అని రాయండి. పార్లమెంటులో నిజంగా జరిగిన చర్చని మళ్లీ నడుపుతున్నామని అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం పోవడానికి నియమాల కాగితం ఒకటి ఇవ్వండి: నినాదాలుండవు, మతాన్ని తిట్టడం ఉండదు, ఫోన్లు బయటే, హాల్లో ఒక లెక్చరర్ కూర్చుంటారు. ఈ కాగితం చూశాక కాదన్నవాళ్లు నాకు ఇద్దరే తగిలారు. వాళ్లలో ఒకరు టాపిక్‌ని కాదు, ఆడిటోరియం ఏసీ బిల్లుని కాదన్నారు.

"లోక్‌సభ పెట్టాలా, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి పెట్టాలా?"

మొదటిసారి నడిపేవాళ్లు రాజ్యసభ పెట్టండి. 2019 ఆగస్టు 5న బిల్లు మొదట వచ్చింది అక్కడికే. ఛైర్మన్ స్థానంలో ఉన్నది మన వెంకయ్యనాయుడు గారు. అమిత్ షా ప్రవేశపెట్టడం, ప్రతిపక్ష నేత గులాం నబీ ఆజాద్ అడ్డుకోవడం, ఇద్దరు పీడీపీ (కశ్మీర్ ప్రాంతీయ పార్టీ) సభ్యులు రాజ్యాంగ ప్రతిని చింపబోతే బయటికి పంపించడం, సాయంత్రానికి 125–61 ఓట్లతో బిల్లు గట్టెక్కడం, అన్నీ ఒక్క రోజులోనే. పిల్లలకి కావాల్సిన మసాలా అంతా అందులోనే ఉంది.

భద్రతా మండలి ఆకర్షణీయంగా ఉంటుంది కానీ అక్కడ చర్చ రాజ్యాంగం మీద నిలవదు. అరగంటలో సరిహద్దు కాల్పుల్లోకి జారిపోతుంది. చెయిర్ గట్టివాడైతే పెట్టండి.

నాకు మహా ఇష్టమైనది ఎవరూ పెట్టని మూడోది: 1949 అక్టోబర్ 17 నాటి రాజ్యాంగ సభ. ఆ రోజు ఎన్. గోపాలస్వామి అయ్యంగార్ 306ఏ ముసాయిదాని ప్రవేశపెట్టారు. అదే తర్వాత 370 అయింది. మౌలానా హస్రత్ మోహానీ మధ్యలో లేచి, ఈ వివక్ష ఎందుకని అడిగారు. కశ్మీర్ పరిస్థితులు వేరు, మిగతా సంస్థానాల్లా కలిసిపోయే దశకి అది ఇంకా రాలేదని అయ్యంగార్ జవాబు. డెబ్బై ఏళ్లు నడిచిన గొడవంతా ఆ ఒక్క ప్రశ్న, ఒక్క జవాబులో ఉంది. ఇరవై మంది పిల్లలున్నా ఇది నడుస్తుంది.

"ఫ్రీజ్ డేట్ తప్పనిసరా?"

తప్పనిసరి. ఫ్రీజ్ డేట్ అంటే కమిటీ గడియారం ఆగిపోయే రోజు. ఆ తర్వాత జరిగింది ఎవరికీ తెలియనట్టే మాట్లాడాలి. అది లేకపోతే 2019 ఆగస్టు చర్చలో ఒకడు లేచి 2023 సుప్రీంకోర్టు తీర్పు చదివేస్తాడు, ఆట అక్కడితో ముగుస్తుంది. 2019 ఆగస్టు 4, 2023 డిసెంబర్ 10, 2024 అక్టోబర్ 16, ఈ మూడు మంచి తేదీలు. మొదటిది బిల్లు ముందు రోజు, రెండోది తీర్పు ముందు రోజు, మూడోది ఒమర్ అబ్దుల్లా కేంద్రపాలిత ప్రాంతానికి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజు.

"స్క్రీన్ మీద ఏ మ్యాపు వేయాలి?"

సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు. వేరేది వద్దు. దానికి భిన్నంగా భారత సరిహద్దులు చూపే మ్యాపుని ప్రచురించడం 1961 చట్టం ప్రకారం నేరం. రెండు కొత్త కేంద్రపాలిత ప్రాంతాలతో మ్యాపు 2019 నవంబర్ 2న విడుదలైంది, అది వాడండి.

ఒకసారి ఒక కాలేజీలో ఓ కుర్రాడు విదేశీ వెబ్‌సైట్ నుంచి చుక్కల గీతలున్న మ్యాపు దించుకుని బ్యాక్‌గ్రౌండ్ గైడ్ (డెలిగేట్లకి ముందే ఇచ్చే సమాచార పుస్తకం) అట్ట మీద వేసేశాడు. అరవై కాపీలు ప్రింటయ్యాయి. ముందు రోజు రాత్రి పదింటికి ఎవరో గమనించారు. నలుగురం కూర్చుని అరవై అట్టలు చింపి, స్టేప్లర్ పిన్నులు తీసి మళ్లీ కొట్టాం. అప్పటి నుంచి నా గైడ్లకి అట్ట మీద బొమ్మలుండవు.

## పాత్ర చేతికొచ్చాక

"నాకు నచ్చని పార్టీ ఇచ్చారు. మార్చమని అడగొచ్చా?"

అడగొచ్చు, నేనైతే మార్చను. మీకు నచ్చని వాదనని అవతలివాళ్లు కూడా తలూపేలా చెప్పడమే ఇక్కడి పని. పైగా ఈ ఎజెండాలో పార్టీలు మీరు ఊహించిన చోట ఉండవు. ఆమ్ ఆద్మీ పార్టీ, బీఎస్పీ బిల్లుని సమర్థించాయి. అప్పట్లో బీజేపీతో పొత్తులో ఉన్న జేడీయూ వాకౌట్ చేసింది. తృణమూల్ కూడా ఓటింగ్‌కి నిలవలేదు. కాంగ్రెస్ వ్యతిరేకించింది కానీ, రాజ్యసభలో ఆ పార్టీ చీఫ్ విప్ భువనేశ్వర్ కలితా అదే రోజు సభ్యత్వానికి రాజీనామా చేశారు. మన వైపు చూస్తే వైఎస్సార్సీపీ, టీడీపీ, టీఆర్ఎస్ మూడూ సమర్థించాయి. రాష్ట్రంలో ఒకరి మొహం ఒకరు చూసుకోని పార్టీలు అక్కడ ఒకే వైపు ఓటేశాయి. మజ్లిస్ తరఫున అసదుద్దీన్ ఒవైసీ లోక్‌సభలో వ్యతిరేకించారు.

కాబట్టి పార్టీ పేరు చూసి ప్రసంగం రాయకండి. ఆ రోజు ఆ పార్టీ సభ్యుడు ఏం మాట్లాడారో పార్లమెంటు చర్చల రికార్డులో ఉంటుంది, తీసి చదవండి.

"పాకిస్తాన్ ప్లకార్డు (పేరు పలక, అంటే ఆ దేశం పాత్ర) వచ్చింది. మాట్లాడితే దేశద్రోహం అవుతుందా?"

ఏటా కనీసం ఒక తల్లి ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఇది. తరగతి గదిలో ఒక దేశం అధికారిక వైఖరిని పాత్రగా వినిపించడం ఆ వైఖరిని నమ్మడం కాదు. కోర్టులో ముద్దాయి తరఫు లాయర్ ఉన్నట్టే. అయినా రెండు జాగ్రత్తలు తీసుకోండి. ప్రతి ప్రసంగాన్నీ "పాకిస్తాన్ ప్రతినిధిగా" అని మొదలుపెట్టండి. సాయుధ దాడుల్ని సమర్థించే మాట, పాత్రలో ఉన్నా సరే, అనకండి. నిజమైన దౌత్యవేత్తలే ఆ వేదిక మీద అలా అనరు. ఐక్యరాజ్యసమితి తీర్మానాలు, రెండు వైపుల ఒప్పందాలు, ప్రకటనలు, వీటిలోనే ఉండండి. సరుకు సరిపోతుంది.

"మా కమిటీలో కశ్మీరీ స్టూడెంట్ ఉన్నాడు. అతనికే కశ్మీర్ పాత్ర ఇస్తే సహజంగా ఉంటుంది కదా?"

అతను అడిగితేనే ఇవ్వండి. స్కాలర్‌షిప్ మీద ఇక్కడికొచ్చి బీటెక్ చదువుకుంటున్న కుర్రాడు మీ ఎజెండాకి సాక్షిగా రాలేదు. 2019 ఆగస్టులో అక్కడ ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేసినప్పుడు బయట చదువుతున్న పిల్లలు ఇంటికి కబురు చేయలేక అల్లాడారు. 4జీ పూర్తిగా తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో. మనం "కమ్యూనికేషన్ షట్‌డౌన్" అని స్లైడ్‌లో ఒక బుల్లెట్ పెట్టేది వాళ్లింట్లో ఏడాదిన్నర గడిచిన కాలం. నేను చెయిర్ చేసిన ఒక కమిటీలో అలాంటి అబ్బాయి కర్ణాటక ఎంపీ పాత్ర అడిగి తీసుకుని, రెండు రోజులూ కాఫీ ఎగుమతుల గురించి మాత్రమే మాట్లాడాడు. ఎజెండాకి సంబంధం లేదని నేను ఆపలేదు.

అదే మాట కశ్మీరీ పండిట్ కుటుంబాల పిల్లలకీ వర్తిస్తుంది. 1990 వలసని చర్చలో తురుపుముక్కలా వాడే ముందు ఆ హాల్లో ఎవరు కూర్చున్నారో చూసుకోండి.

## చదువుకునే దశ

"370 అంటే ఒక్క ముక్కలో ఏంటి? రెండ్రోజులే టైముంది."

ఒక్క ముక్కలో కాదు, మూడు "స"లలో చెప్తాను: సంప్రదింపు, సమ్మతి, సిఫార్సు. ఇవి గట్టిగా పట్టుకుంటే మీరు ఏ కమిటీలోనైనా నిలబడతారు.

1947 అక్టోబర్ 26న మహారాజా హరి సింగ్ విలీన పత్రం మీద సంతకం చేశారు. మర్నాడు మౌంట్‌బాటెన్ ఆమోదించారు. అందులో కేంద్రానికి అప్పగించినవి రక్షణ, విదేశాంగం, సమాచార మార్గాలు. ఈ మూడింటికి సంబంధించిన రాజ్యాంగ నిబంధనల్ని కశ్మీర్‌కి వర్తింపజేయాలంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని రాష్ట్రపతి సంప్రదిస్తే చాలు. ఇది మొదటి "స". ఈ మూడూ దాటి ఇంకేది వర్తింపజేయాలన్నా రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి కావాలి. ఇది రెండోది. అసలు 370నే తీసేయాలంటే జమ్మూకశ్మీర్ రాజ్యాంగ సభ సిఫార్సు కావాలి. ఇది మూడోది.

చిక్కంతా ఇక్కడే ఉంది. 1951లో కూర్చున్న ఆ రాజ్యాంగ సభ రాష్ట్ర రాజ్యాంగం రాసేసి 1957 జనవరికల్లా ముగిసిపోయింది. 370 ఉండాలనీ చెప్పలేదు, తీసేయమనీ చెప్పలేదు. సిఫార్సు చేయాల్సినవాళ్లు లేరు కాబట్టి తాళం శాశ్వతంగా పడిపోయిందని ఒక వాదన. తాళంచెవి రాష్ట్రపతి చేతికే వచ్చిందని ఇంకో వాదన. మీరు విన్న టీవీ చర్చలన్నీ, తెలిసో తెలియకో, ఈ రెండింటి చుట్టూ తిరిగినవే.

"2019లో సరిగ్గా ఏం చేశారు? తేదీలు కావాలి."

2018 జూన్‌లో బీజేపీ మద్దతు ఉపసంహరించుకోవడంతో మెహబూబా ముఫ్తీ ప్రభుత్వం పడిపోయింది. నవంబర్ 21న గవర్నర్ సత్యపాల్ మాలిక్ అసెంబ్లీని రద్దు చేశారు. డిసెంబర్‌లో రాష్ట్రపతి పాలన వచ్చింది.

2019 ఆగస్టు 5న రాష్ట్రపతి ఉత్తర్వు సి.ఓ. 272 వెలువడింది. అది 370ని నేరుగా ముట్టుకోలేదు. పదాలకి అర్థాలు చెప్పే 367లో ఒక క్లాజు చేర్చి, 370(3)లో "రాజ్యాంగ సభ" అన్న చోట "శాసన సభ" అని చదువుకోవాలంది. శాసన సభేమో రద్దయి ఉంది, దాని అధికారాలు పార్లమెంటు దగ్గరున్నాయి. కాబట్టి పార్లమెంటే సిఫార్సు చేసింది. ఆగస్టు 6న సి.ఓ. 273తో 370 పాత క్లాజులు పనిచేయడం ఆగిపోయాయి. అక్టోబర్ 31న రాష్ట్రం రెండు కేంద్రపాలిత ప్రాంతాలయింది: శాసన సభతో జమ్మూకశ్మీర్, శాసన సభ లేకుండా లద్దాఖ్.

ప్రతిపక్ష పాత్రలో ఉన్నవాళ్లు ఒక వాక్యంలో అడగాల్సిన ప్రశ్న: అడిగిందీ ఢిల్లీయే, రాష్ట్రం తరఫున సరేనన్నదీ ఢిల్లీయేనా? అధికార పక్షం సిద్ధంగా ఉంచుకోవాల్సిన జవాబు: రాష్ట్రపతి పాలనలో రాష్ట్ర శాసన సభ అధికారం పార్లమెంటుకి రావడం రాజ్యాంగం రాసిన పద్ధతే. ఈ ప్రశ్న, ఈ జవాబు లేని ప్రసంగానికి నేను మార్కులు వేయను.

"సుప్రీంకోర్టు కేంద్రం చేసిందంతా కరెక్టేనందా?"

ఫలితాన్ని నిలబెట్టింది, దారిలో ఒక మెట్టుని తప్పుపట్టింది. 2023 డిసెంబర్ 11న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నాయకత్వంలో ఐదుగురి ధర్మాసనం మూడు వేర్వేరు తీర్పులు రాసింది, ముగింపు మాత్రం అందరిదీ ఒకటే. 370 తాత్కాలికమే. విలీనం తర్వాత జమ్మూకశ్మీర్‌కి విడిగా సార్వభౌమత్వం మిగల్లేదు. రాజ్యాంగ సభ లేకపోయినా 370(3) కింద రాష్ట్రపతికి అధికారం ఉంది. అయితే 367 ద్వారా దొడ్డిదారిన 370ని మార్చడం చెల్లదు. దాని అవసరం లేకుండానే సి.ఓ. 273 నిలుస్తుంది కాబట్టి ఫలితం మారలేదు.

లద్దాఖ్‌ని విడదీయడాన్ని సమర్థించింది. ఒక పూర్తి రాష్ట్రాన్ని కేంద్రపాలిత ప్రాంతంగా దించొచ్చా అన్న ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేదు. రాష్ట్ర హోదా తిరిగిస్తామని సొలిసిటర్ జనరల్ మాటిచ్చారు కాబట్టి దాన్ని తేల్చక్కర్లేదంది. 2024 సెప్టెంబర్ 30లోగా ఎన్నికలు పెట్టమంది. హోదా ఎప్పుడివ్వాలో తేదీ పెట్టలేదు, వీలైనంత త్వరగా అంది. జస్టిస్ కౌల్ అయితే 1980ల నుంచి జరిగిన హక్కుల ఉల్లంఘనల మీద సత్యశోధన, సయోధ్య కమిషన్ వేయాలని సూచించారు. ఈ సూచనని డ్రాఫ్ట్ తీర్మానంలో వాడుకున్న కమిటీని ఇంతవరకు చూడలేదు.

"రాజ్యాంగం పుస్తకంలో 370 ఇంకా ఉంది. పాత ఎడిషన్ కొన్నానా?"

లేదు, కొత్తదే. 370 పేజీ చిరిగిపోలేదు, దాని వాచకం మారింది. రాజ్యాంగమంతా మార్పుల్లేకుండా జమ్మూకశ్మీర్‌కి వర్తిస్తుందని ఇప్పుడక్కడ ఉంటుంది. అందుకే "రద్దు" అన్న మాట పేపర్లలో చెల్లినా, తెలిసిన చెయిర్ ముందు చెల్లదు.

35ఏ (జమ్మూకశ్మీర్ శాశ్వత నివాసులెవరో, వాళ్ల ప్రత్యేక హక్కులేంటో ఆ రాష్ట్రమే నిర్ణయించుకునే వీలిచ్చిన అధికరణ) కోసం 35 తర్వాత వెతికి దొరకలేదని కంగారు పడేవాళ్లకి: అది 1954 రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చింది, పార్లమెంటు సవరణతో కాదు. పాత పుస్తకాల్లో చివరి అనుబంధంలో ఉండేది.

"అంబేడ్కర్ 370 రాయనని షేక్ అబ్దుల్లాకి చెప్పారట కదా, ఆ కోట్ వాడొచ్చా?"

వద్దు. రాజ్యాంగ సభ చర్చల్లో ఆ మాటలు లేవు. ముసాయిదా అధికరణని సభలో ప్రవేశపెట్టి వివరించింది అయ్యంగార్. వాట్సాప్‌లో తిరిగే ఆ పేరాని మీరు చదివితే, అవతలి డెలిగేట్ లేచి "సభ ఏ తేదీ, ఏ పేజీ?" అంటాడు. మీరు నిలబడిపోతారు. ఆ మౌనం ఎంతసేపుంటుందో నేను చూశాను.

"మన 371డి కూడా 370 లాంటిదేనా?"

ఎంపీ పాత్రల్లో ఉన్న మన పిల్లలు తరచూ ఇది వాడతారు, తరచూ తప్పుగా. రెండూ రాజ్యాంగంలో ఒకే భాగంలో ఉన్నాయి, పని వేరు. ముల్కీ తీర్పు (తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికులకి ప్రాధాన్యమిచ్చే నియమాలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు), జై ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి 1973లో 32వ సవరణతో 371డి చేర్చారు. స్థానికులకి ఉద్యోగాల్లో, చదువుల్లో న్యాయమైన వాటా కోసం అది. ఇప్పుడు రెండు రాష్ట్రాలకీ వర్తిస్తుంది. రాజ్యాంగంలోని ఏ భాగం మనకి వర్తించాలో నిర్ణయించే అధికారం అందులో లేదు. 370లో ఉన్నది సరిగ్గా అదే.

నిజంగా పనికొచ్చే పోలిక ఆర్టికల్ 3. రాష్ట్రాల్ని విడదీసే, సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుకి ఇచ్చేది అదే. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లుని మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఎందుకంటే అసెంబ్లీ అభిప్రాయం అడగాలంతే, ఒప్పుకోవాలన్న నియమం లేదు. జమ్మూకశ్మీర్‌కి మాత్రం ఆ రాష్ట్ర శాసన సభ ఒప్పుకోకుండా అలాంటి బిల్లు పెట్టకూడదని అదనపు షరతు ఉండేది. సి.ఓ. 272తో రాజ్యాంగమంతా వర్తించగానే ఆ షరతు పోయింది. ఈ తేడా చెప్పగలిగితే మన తెలుగు డెలిగేట్‌ని ఢిల్లీ వాళ్లు కూడా వింటారు.

"హైదరాబాద్ సంస్థానం కూడా ఐక్యరాజ్యసమితికి వెళ్లిందా?"

వెళ్లింది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. అది అక్కడ చర్చకొచ్చేసరికి సెప్టెంబర్ 16, భారత సైన్యం చేపట్టిన ఆపరేషన్ పోలో అప్పటికే నడుస్తోంది. మర్నాడు నిజాం సైన్యం చేతులెత్తేసింది. కశ్మీర్ విషయంలో ఫిర్యాదు చేసింది భారతే, 1948 జనవరి 1న. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడాలంటే ఈ తేడా మర్చిపోకండి.

## కమిటీ నడుస్తుండగా

"భద్రతా మండలిలో ఇండియా ప్లకార్డు నాది. ఓటుందా?"

ఫ్రీజ్ డేట్ 2019 అయితే లేదు. ఆ ఏడాది ఇండియా, పాకిస్తాన్ రెండూ మండలి సభ్యులు కావు. 37వ నియమం కింద ఆహ్వానిస్తే వచ్చి మాట్లాడతారు, ఓటెయ్యరు. చాలా కమిటీలు ఇది చూసుకోకుండా ఇద్దరికీ ఓటిచ్చేస్తాయి. అసలు 2019 ఆగస్టు 16న చైనా కోరితే జరిగిన సమావేశం తలుపులు మూసుకుని జరిగింది. ప్రకటన కూడా రాలేదు. నాటకమంతా బయట మైకుల దగ్గరే: భారత ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్, పాకిస్తాన్‌తో చర్చలెప్పుడని అడిగిన పాక్ విలేకరుల దగ్గరికి నడిచి వెళ్లి చేతులు కలిపారు. మీ కమిటీలోనూ అన్‌మోడ్ (డెలిగేట్లు సీట్లు వదిలి విడిగా మాట్లాడుకునే) సమయంలో హాలు బయట ఒక మైకు పెట్టి చూడండి, డెలిగేట్ల అసలు సత్తా అక్కడ బయటపడుతుంది.

"ప్లెబిసైట్ (ప్రజాభిప్రాయ సేకరణ) తీర్మానం చూపిస్తే ఇండియా ఏం చెప్పాలి?"

1948 ఏప్రిల్ 21 నాటి 47వ తీర్మానంలో వరస ఉంది. ముందు గిరిజన దండుల్ని, పోరాడటానికొచ్చిన పాక్ జాతీయుల్ని పాకిస్తాన్ వెనక్కి రప్పించాలి. తర్వాత భారత్ సైన్యాన్ని తగ్గించాలి. ఆ పైన ప్రజాభిప్రాయ సేకరణ. మొదటి మెట్టే పడలేదన్నది భారత వాదన. రెండోది, 1972 సిమ్లా ఒప్పందంలో ఇద్దరమే తేల్చుకుంటామని రాసుకున్నామంటుంది.

పాకిస్తాన్ డెలిగేట్ తెలివైనవాడైతే 47 దగ్గర ఆగడు, 122 తీస్తాడు. 1957 జనవరి 24న, జమ్మూకశ్మీర్ రాజ్యాంగం పూర్తిగా అమల్లోకి రావడానికి రెండు రోజుల ముందు, అక్కడి రాజ్యాంగ సభ తీసుకునే నిర్ణయం ఆ ప్రాంత భవిష్యత్తుని తేల్చినట్టు కాదని మండలి చెప్పింది. రాజ్యాంగ హోదా అనే ఎజెండాకి సూటిగా తగిలేది ఇదొక్కటే. భారత పాత్రలో ఉన్నవాళ్లు దీన్ని ముందే చదివి రండి.

"పీఓకే అనాలా, ఆజాద్ కశ్మీర్ అనాలా?"

మీ ప్లకార్డు ఏ పేరు వాడుతుందో అదే. భారత ప్రతినిధి "పాక్ ఆక్రమిత" అంటారు, పాకిస్తాన్ ప్రతినిధి "ఆజాద్" అంటారు. ఒకరి పేరుకి ఇంకొకరు పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నియమం తప్పారన్న అభ్యంతరం) లేపడం నా కమిటీలో నిషేధం. ఒకసారి దీని మీదే నలభై నిమిషాలు పోయాయి, టీ చల్లారిపోయింది.

"తెలుగులో మాట్లాడొచ్చా?"

లోక్‌సభ, రాజ్యసభ అయితే నిక్షేపంగా. నిజమైన సభలోనే ఛైర్మన్ అనుమతిస్తే మాతృభాషలో మాట్లాడే వీలు రాజ్యాంగం ఇచ్చింది, 120వ అధికరణ. ఇంగ్లిష్‌లో తడబడే పిల్లలు తెలుగులో లేచి మాట్లాడితే హాలు నిశ్శబ్దమైపోవడం నేను చూశాను.

## కాగితం మీద పెట్టేటప్పుడు

"డ్రాఫ్ట్‌లో '370ని పునరుద్ధరించాలి' అని రాస్తే చాలా?"

చాలదు. ఎవరు, ఏ అధికారంతో, ఎప్పటిలోగా అన్న మూడూ లేని క్లాజుని నేను వెనక్కి పంపిస్తాను. అది ఎవరి కోరికో తప్ప క్లాజు కాదు.

ఉదాహరణకి రాష్ట్ర హోదా తీసుకోండి. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పార్లమెంటు మామూలు మెజారిటీతో చట్టం చేస్తే చాలు. కాబట్టి మీ క్లాజు 2019 చట్టాన్ని సవరించే బిల్లుగా ఉండాలి, తేదీ ఉండాలి. ఆ తేదీ దగ్గరే కమిటీ రెండుగా చీలుతుంది. చీలనివ్వండి. హోదా అంటే ఏంటో కూడా విడమరిచి రాయండి. ఇప్పటి చట్టం ప్రకారం పోలీసు, శాంతిభద్రతల మీద జమ్మూకశ్మీర్ అసెంబ్లీ చట్టం చేయలేదు. అవి తిరిగొస్తాయా, రావా? ఒక్క వాక్యం రాస్తే చాలు, గంట చర్చ గ్యారంటీ.

లద్దాఖ్‌ని మర్చిపోయిన డ్రాఫ్టులు పదికి ఎనిమిది. లేహ్, కార్గిల్‌లకి రెండు వేర్వేరు కొండ మండళ్లున్నాయి, ఆరో షెడ్యూల్ (గిరిజన ప్రాంతాలకి స్వయంపాలన ఇచ్చే రాజ్యాంగ భాగం) కావాలన్న డిమాండ్ ఉంది. కనీసం ఒక క్లాజు వాళ్లకివ్వండి.

"ఓటింగ్ ఫలితం చరిత్రకి తేడాగా వస్తే?"

రానివ్వండి. రిహార్సల్ చేసుకొచ్చిన నాటకం కాదు కదా.

## అయిపోయాక

"నా ప్రసంగం వీడియో ఎవరో పెట్టేశారు, ఇంట్లో గొడవవుతోంది. ఏం చేయాలి?"

ముందు నిర్వాహకులకి చెప్పి తీయించండి. ఇంట్లోవాళ్లకి ఎజెండా కాగితం, పాత్రల పట్టిక చూపించండి.

ఒక అమ్మాయి పాకిస్తాన్ ప్రతినిధిగా మాట్లాడిన పదిహేను సెకన్ల ముక్క వాళ్ల బంధువుల గ్రూపులో పడింది. మొదటి వాక్యం, "పాకిస్తాన్ ప్రతినిధిగా" అన్నది, కోతలో పోయింది. ఆ సాయంత్రం వాళ్ల నాన్నగారు నాకు ఫోన్ చేశారు. కోపంగా లేరు, గొంతు వణుకుతోంది. "సార్, మా పాప ఎందుకలా అంది?" అన్నారు. పూర్తి వీడియో పంపాను. అందులో ఆ పిల్ల ముందున్న ప్లకార్డు మైకు వెనక దాక్కుని కనబడటం లేదు. చివరికి బెస్ట్ డెలిగేట్ సర్టిఫికెట్ ఫొటో తీసి పంపితే అందులో "పాకిస్తాన్" అని చూసి ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాత నుంచి మా ప్లకార్డులు అడుగున్నర పొడవు చేయిస్తున్నాం, మైకు పక్కకి జరిపి.